కువైటుకు పోస్టు చేసిన పెళ్లి

నా పెళ్లి మొదటిసారి తూకంలో ఎక్కువైంది. ఎర్రగుంట్ల పోస్టాఫీసులో కౌంటరు వెనకున్నాయన వీడియో పెట్టెను తూకం మీద పెట్టి, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూశాడు. చూడాల్సిన పెట్టే అది. దిండంత మందం, పైన మెత్తటి రెక్సిన్, మూత మీద దండలతో నేనూ మా ఆయనా, మా వెనక మంచుకొండ, ఆ కొండ మీంచి దూకే జలపాతం. మాకు కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి. జలపాతం మాత్రం వీడియో ఆయన ఉచితంగా పెట్టించాడు.

"ఇది పార్సిలు కింద పోతాదమ్మా. కువైటుకంటే శానా అవుతాది," అన్నాడు కౌంటరాయన. "ఈ పెట్టె ఇంట్లో పెట్టుకో. ఉత్త డిస్కులు అట్టల మధ్యన పెట్టి చిన్న ప్యాకెట్టు కట్టుకొని రా. బాగా తగ్గుతాది. లక్క సీలు వెయ్యొద్దు, చుట్టూ గట్టిగా కుట్టెయ్యొద్దు. ఎవరన్నా చూడాలంటే విప్పి చూసేటట్టుండాల. దానికే చార్జీ తక్కువ."

అందులో తక్కువ అన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది. విప్పి చూడటం సంగతి తర్వాత చాలా రోజులు నా చెవిలో మోగింది గానీ, ఆ పూట మాత్రం సంతోషంగా పెట్టెను చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ డిస్కులు మా అమ్మకు. అమ్మ కువైటులో ఒక ఇంట్లో వంటా పిల్లల పనీ చేసేది. మా వైపు ఇది వింతేమీ కాదు, కడప జిల్లాలో ఏ బస్సెక్కినా పక్క సీట్లో కువైటు మాట వినబడుతుంది. నాయన నాపరాళ్ల గనిలో వెన్ను దెబ్బతిని మంచాన పడిన ఏడాది అమ్మ వెళ్లింది. నేనప్పుడు బడిపిల్లను. నా పెళ్లికి తప్పకుండా వస్తానంది. ఆ ఇంటి యజమాని, అమ్మ ఆయన్ని బాబా అనేది, ముందు సరే అన్నాడు. తర్వాత ఆయన భార్యకు కాన్పు దగ్గరపడిందని, ఇప్పుడు పంపేది లేదన్నాడు. అమ్మ పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. ఆ పైన మాట్లాడటానికి ఏముంటుంది?

ముహూర్తం మార్చడానికి మగపెళ్లివాళ్లు ఒప్పుకోలేదు. పీటల మీద నాయన పక్కన కూర్చునేందుకు అమ్మ లేదు గనక మా చిన్నాయన, చిన్నమ్మ కూర్చుని కన్యాదానం చేశారు. నాయన స్తంభం పక్కన నిలబడ్డాడు. కాళ్లు కడిగేటప్పుడు చిన్నమ్మ కళ్లు తుడుచుకుంది, అడిగితే హోమం పొగ అంది. హోమం అప్పటికింకా వెలిగించనే లేదు.

అమ్మ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేది. పెళ్లికి ముందు నుంచీ ఒకటే మాట. "వీడియో బాగా తీపియ్యండి. వంటల కాడ ఎవరెవరుండారో అదీ తీయమను. పంక్తిలో ఎవరు యాడ కూసున్నారో చూడాల నేను. ఒక్క మొగం గూడా పోకూడదు." సెల్‌ఫోన్లో బొమ్మలు పంపుకునే కాలం మా ఇళ్లకింకా రాలేదు. ప్రొద్దుటూరు వీడియో ఆయన అంతా తీసి, మిక్సింగ్ చేయించి డిస్కులు చేతికిచ్చేసరికి ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్లికూతుళ్లందరిలాగే నేనూ పుట్టింటికి వచ్చి ఉన్నాను. మా ఆయన నందికొట్కూరులో విత్తనాల అంగడిలో, నేను నాయన దగ్గర, అమ్మ ఆ ఎడారిలో.

మా వాళ్లు ఎవరైనా కువైటుకు సామాను పంపాలంటే పోస్టు దాకా పోరు. సెలవుకొచ్చి తిరిగి వెళ్లేవాళ్ల సంచీలో పెడతారు. ఊరగాయలు, ఎండుమిరప, అరిసెలు అన్నీ అట్లాగే ఎగిరిపోతాయి. మా వీధిలోనే ఒకాయన ప్రయాణానికి సిద్ధంగా ఉంటే డిస్కులు పట్టుకుపోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పచ్చడైతే ఇయ్యి పాపా, ఎంతైనా ఎత్తకపోతా. డిస్కులు మాత్రం వద్దు. అందులో ఏముందో చూడాలని ఏర్పోర్టులో పక్కన నిలబెడతారు. నాకు భయం."

మీసాలు మెలేసుకు తిరిగే మనిషి నా పెళ్లికి అంత భయపడటం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వును తలుచుకుంటే ఇప్పుడు నాకే ఒళ్లు మండుతుంది.

పోస్టాఫీసు నుంచి వచ్చిన మధ్యాహ్నమే ప్యాకెట్టు పనికి కూర్చున్నాను. నా పెళ్లి చీర వచ్చిన అట్టపెట్టెను డిస్కు కన్నా కాస్త పెద్దగా ముక్కలు కోశాను. డిస్కులు కాగితం కవర్లలోంచి జారి గీతలు పడకుండా ఒక్కోదాన్నీ నాయన పాత పంచె ముక్కలో చుట్టాను. అంచులు వంగకుండా అట్ట ముక్కల మధ్య ఇరికించి, నాలుగు వైపులా దారంతో కట్టాను. చేత్తో వంచి చూస్తే వంగలేదు. నాకు నేనే భుజం తట్టుకున్నాను. పైన మల్లుగుడ్డ కుట్టే పని మాత్రం జేజిది. జేజి అంటే మా నాయనమ్మ. బొంతలు కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి.

"ఒక పక్క వదులుగా టాకాలు వెయ్యి జేజీ, విప్పేటట్టుండాలంట," అని చెప్పి, సిరా పెన్ను కోసం పక్కింటికి వెళ్లాను. వచ్చేసరికి కుట్టేసింది. చిన్న తలగడలా ముచ్చటగా ఉంది. దాని మీద బాబా పోస్టు పెట్టె నంబరు, అమ్మ పేరు రాశాను. మరునాడు పోస్టాఫీసులో పచ్చ కాగితం ముక్క ఇచ్చి లోపల ఏముందో రాయమన్నారు. పెళ్లి వీడియో డిస్కులు అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. ఈసారి కౌంటరాయన తూకం చూసి తల ఊపాడు. స్టాంపులు అతికించి, ముద్ర కొట్టి, వెనకున్న సంచిలోకి విసిరాడు. విసరకుండా పెట్టొచ్చు కదా అనుకున్నాను. నా దిగులంతా డిస్కు పగులుతుందేమోనన్నంత వరకే.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని కంది బేడలు ఏరుతుంటే జేజి తనలో తాను అన్నట్టు అంది.

"మీ యమ్మ నొసటన ఈబూది పెట్టుకొని ఎన్నేండ్లయిందో. ఈ తూరి పెట్టుకుంటాదిలే."

"యాడి ఈబూది?"

"మహానంది ఈబూది. నీ పెండ్లి మొక్కు తీర్చను పోయినప్పుడు తెచ్చినా కదా. పొట్లం కట్టి ఆ అట్టల నడాన పెట్టినా. కనపడకుండా సదరంగా చేసినాలే, తూకానికి రాదు."

బేడల చేట నా ఒళ్లోంచి జారింది. మహానంది విభూతి మామూలు విభూతే, సన్నగా తెల్లగా ఉంటుంది, ఎర్రగుంట్ల దారిలో తుమ్మాకుల మీద పేరుకునే సిమెంటు దుమ్ములాగా. నేను లోపలున్నవి డిస్కులని రాసి సంతకం పెట్టాను. ఆ డిస్కుల మధ్య, ఎవరికీ కనబడకుండా దాచిపెట్టిన తెల్లటి పొడి పొట్లం మా అమ్మ పేరు మీద పరాయి దేశానికి బయల్దేరింది.

ఇందులో భయపడేదేముంది అని వేరే ఊరివాళ్లు అడగొచ్చు. మా చుట్టుపక్కల ఎవరూ అడగరు. మా పక్క ఊరాయన ఒకరు సెలవు ముగించుకుని వెళ్తూ, మాంసం కూరలోకని గసగసాలు తీసుకుపోయాడు. ఇక్కడ ప్రతి చిల్లరంగడిలో దొరికే గసగసాలు అక్కడ మత్తుమందు కింద లెక్క. ఏర్పోర్టు నుంచి నేరుగా జైలుకు తీసుకుపోయారు. ఆయన భార్య బిడ్డను చంకనేసుకుని కనబడిన నాయకుడి కాళ్లన్నీ పట్టుకుంది. తిరిగొచ్చాక ఆయన మనిషి మారిపోయాడు, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడేవాడు. కూరలోకి వేసుకునే గింజలకే అట్లాగైతే, పేరు తెలియని తెల్ల పొడికి ఏం చేస్తారు? జైల్లో పెట్టకపోయినా, ఆ ఇంట్లోంచి తరిమేసి పోలీసులకు అప్పగిస్తే పాస్‌పోర్టు చేతిలో లేని ఆడమనిషి ఎక్కడికి పోతుంది?

పొద్దున్నే మొదటి బస్సుకు ఎర్రగుంట్ల పోయాను. పోస్టాఫీసు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. కౌంటరాయన నా మొహం చూసి ముందు మంచినీళ్లిచ్చాడు.

"సంచి నిన్ననే బండెక్కిందమ్మా. వాపసు కావాలంటే అర్జీ పెట్టొచ్చు గానీ, అది పోయే లోపల ఇది దేశం దాటిపోతాది. ఏం మరిచిపోయినావు, డిస్కు ఇంట్లోనే ఉండిపోయిందా?"

"లేదు సార్. ఒకటి ఎక్కువ పోయింది," అన్నాను. అంతకన్నా చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఏమిటని అడిగితే పోలీసులకు చెప్తాడేమోనని వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. భయం పట్టుకున్నాక మంచినీళ్లిచ్చిన మనిషి కూడా పోలీసులాగే కనబడతాడు.

ఇంటికొచ్చి జేజి మీద విరుచుకుపడ్డాను. "ఎవరు పెట్టమన్న్యారు నిన్ను? అడిగినావా నన్ను? మా యమ్మను జైల్లో ఏయించను పెట్టినావా?"

"స్వామి ఈబూదికి జైలేందిమే?" అంది జేజి. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. "నేనేం ఇసం పెట్టినానా? కోడలు సల్లగుండాలని పెట్టినా."

"వాళ్లకేం తెలుసు అది స్వామిదని? పొట్లం మీద స్వామి సంతకం పెట్టినాడా?"

నాయన ఇద్దరినీ ఊరుకోమన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మంచం పట్టె పట్టుకుని లేచి, "మీ యమ్మకు మాత్రం చెప్పొద్దు," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ముందే చెప్తే జాగ్రత్త పడుతుంది, ప్యాకెట్టు నాది కాదని చెప్పి వదిలేస్తుంది అన్నాను.

"అట్ల కాదు పాపా. చెప్పినామంటే తెలిసి తెప్పించుకున్నట్టయితాది. మీ యమ్మకు అబద్ధం ఆడను రాదు. మొగంలో కనపడిపోతాది. తెలీకుంటే తెలీదని చెప్తాది, నిజమే చెప్తాది."

ఆ మాటలో ఎంత న్యాయముందో నాకు తెలుసు. అయినా లోపల్నుంచి ఒకటే తొలిచేది. ఆమెను కాపాడటానికి మాట దాస్తున్నామా, లేక కళ్లకు గంతలు కట్టి గుంత వైపు నడిపిస్తున్నామా?

శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఎన్నడూ లేని హుషారు. "పంపింటారు కదా! బాబాకు చెప్పి పెట్టినా, నా పేరుతో ప్యాకెట్టు వస్తాది, పారేయొద్దని. నా బిడ్డ పెండ్లి డిస్కులని ఇంట్లో అందరికీ చెప్పినా. వాళ్ల టీవీలో ఏసుకోమనింది ఇంటామె."

నాది కాదని చెప్పే దారి కూడా అమ్మ తన చేతులతోనే మూసేసుకుంది. మాట నోటిదాకా వచ్చింది. నాయన నా ఎదురుగా నిలబడి అడ్డంగా తల ఊపుతున్నాడు. "సరేమా, అన్నం తినినావా?" అన్నాను.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. మా ఆయన నందికొట్కూరు నుంచి ఫోన్ చేసి, ఏమీ కాదు, ఊరికే భయపడుతున్నావు అనేవాడు. ఏమీ కాదన్న మాటంత కోపం తెప్పించే మాట ఇంకోటి ఉండదు. ఇంట్లో ఇంకో కాపీ డిస్కులు ఉన్నాయి కదా, ఒకరోజు వాటిని పెట్టుకుని చూశాను. పెళ్లి చూసుకోవడానికి కాదు, అక్కడి ఆఫీసరు కళ్లతో చూడటానికి. ఏం కనబడుతుంది ఆయనకు?

అంతా పొడులే కనబడ్డాయి. నా మొహానికి పసుపు పొడి రాస్తున్నారు. మా ఆయన మెడకు గంధం పూస్తున్నారు. కుంకుమ చల్లుతున్నారు. అయ్యవారు ఏదో పొడి నిప్పులో వేస్తే గుప్పున మంట లేస్తోంది. అయ్యవారి చొక్కా లేని ఒంటి నిండా విభూతి రేఖలు. మగపెళ్లివారి కుర్రాళ్లు రంగు పొడి ఒకరి మొహాన ఒకరు కొట్టుకుంటూ, తూలుతూ చిందులేస్తున్నారు. పొడుల్లేకుండా ఒక్క పని కూడా చేయని జాతి మాది అని అప్పుడే మొదటిసారి గమనించాను. ఎవరూ లేని ఇంట్లో నాలో నేను నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చేశాను.

తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు.

మేం ముగ్గురం ఫోను చుట్టూ కూర్చున్నాం. అన్నాలు వడ్డించుకుని అట్లాగే వదిలేశాం. మేమే చేస్తే ఒక రికార్డు గొంతు అరబ్బీలో ఏదో చెప్పి పెట్టేస్తోంది, ఫోను ఆపేసి ఉందని అర్థమైంది. కార్డు అయిపోయి ఉంటుందన్నాడు నాయన. పసిబిడ్డ ఉంది కదా, తీరిక దొరకలేదేమో అన్నాను నేను. ఒకరి మాట ఒకరం నమ్మినట్టు నటించాం. ఆ పై శుక్రవారమూ అట్లాగే గడిచింది.

నాయన నడుముకు గుడ్డ బిగించుకుని, అమ్మను పంపించిన ఏజెంటు దగ్గరకు కడప పోయాడు. నేనూ వెంట వెళ్లాను. గోడకు విమానం బొమ్మ, కింద తెల్ల చొక్కాలో ఏజెంటు. మొదట కుర్చీలు వేయించాడు. విభూతి మాట రాగానే లేచి తలుపు దగ్గరకేసి వచ్చాడు.

"పొడి అంటే పరీక్షకు పంపుతారప్పా. అది తేలేదాంక మనిషిని యాడ పెడతారో నేను చెప్పలేను. మీరు ఎవరికీ చెప్పొద్దు. నా పేరు మాత్రం యాడా తీయొద్దు, దండం పెడతా."

ఆయన నిజంగానే దండం పెట్టాడు. పంపేటప్పుడు మా ఇంటికొచ్చి, మా చెల్లెలనుకుని చూసుకుంటాను అన్న మనిషి. బస్సు కదిలాక నాయన, "మనకు ఇంగెవురూ లేరు," అన్నాడు. వెన్ను విరిగిన రోజున కూడా నాయన గొంతు అట్లా లేదు.

ఇంటికొచ్చేసరికి జేజి నుదురు బోసిగా ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దున్నే స్నానం చేసి అడ్డంగా విభూతి పూసుకోనిదే నీళ్లు కూడా తాగేది కాదు. గూట్లో విభూతి బుర్ర లేదు. ఎక్కడ పెట్టావని అడిగితే చెప్పలేదు. పెరట్లో పూడ్చిందో, వంకలో పారేసిందో తెలియదు. పోలీసులు ఇక్కడికీ వస్తారనుకుంది పాపం. ఆ మాట మేమెవరం ఆమెతో అనలేదు, మా మొహాలు చూసి తనే అనుకుంది. తిట్టినప్పుడు బాగానే తిట్టాను గానీ, ఆ బోసి నుదురు చూశాక నాకు అంతకుముందు లేని కొత్త భయం పట్టుకుంది. అమ్మకు ఏదైనా అయితే ఈ ముసలామె బతకదు.

ఆషాఢం చివరి రోజుల్లో, శుక్రవారం కాని ఒక రోజు మధ్యాహ్నం, ఫోను మోగింది. నాయన ఎవరినో కలవడానికి గని దాకా పోయాడు. జేజి వాకిట్లో ఉంది. నేనే ఫోను ఎత్తాను.

"పాపా, నేనే," అంది అమ్మ.

బతికే ఉంది, మాట్లాడుతోంది. నేను ఫోనులోనే ఏడ్చేశాను.

"ఏడొద్దు. ముందు ఇను. నాకేం కాలేదు. ఇంట్లోనే ఉండా." గొంతు మాత్రం అలిసిపోయి ఉంది, పది ఊళ్లు నడిచొచ్చిన మనిషిలా. తర్వాత మెల్లగా, మధ్యలో ఆగుతూ చెప్పింది.

ప్యాకెట్టు రాలేదు, బాబా పెట్టెలోకి చీటీ వచ్చింది, మనిషి వచ్చి తీసుకోవాలని. ఏం తెప్పించావని బాబా గట్టిగా అరిచాడు. సంగతి తేలేదాకా ఫోను లాక్కున్నాడు. మూడోనాడో నాలుగోనాడో కారులో ఎక్కించుకుని ఏదో ఆఫీసుకు తీసుకుపోయాడు. బల్ల మీద తన ప్యాకెట్టు విప్పి పెట్టి ఉంది, పంచె ముక్కలు ఒక పక్క, అట్టలు ఒక పక్క, మధ్యలో పొట్లం.

"చూడంగానే తెలిసింది నాకు, మీ జేజి కట్టిన పొట్లమని. ఆ మడత ఇంగెవురికీ రాదు. ఇదేందని ఆడున్న ఆఫీసరాయప్ప అడుగుతాండాడు. నాకొచ్చేది ఇంట్లో అరబ్బీ, నీళ్లు తే, బిడ్డనెత్తుకో, అన్నం ఉడికింది. ఈబూదిని ఏమని చెప్పాల? సామి అని చెప్తే ఇంగా తప్పయితాదేమోనని ఒకటే అదురు."

"మరి ఏం చేసినావుమా?"

"ఏం చేస్తా. పొట్లంలో ఏలు పెట్టి నోట్లో ఏసుకున్నా. ఆయప్ప లేచి నిలబడినాడు. ఇంగోసారి ఏసుకొని మింగినా. చూడు, తినేదే, చావలేదు అని చేతులతోటి చెప్పినా."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మొక్కు తీర్చుకున్న విభూతిని మా అమ్మ అక్కడ విషం కాదని రుజువు చేయడానికి తిన్నది.

వాళ్లు ఒప్పుకోలేదు. మిగిలిన పొడి తీసుకుని లోపలికి పంపారు. తేలేదాకా అక్కడే ఉండమన్నారు. ఈలోగా ఇంకొకాయన డిస్కులో ఏముందో చూడాలని తన బల్ల మీది కంప్యూటర్లో పెట్టాడు. అమ్మ ఆయన కుర్చీ వెనక నిలబడి ఉంది.

"ఆడ చూసినా నీ పెండ్లి," అంది. "ఆయప్ప గబగబా తిప్పేస్తాండాడు. నువ్వు పీటల మీదికి వచ్చేది పరిగెత్తినట్టుండె. మీ చిన్నమ్మ నా తావున కూసోనుంది. మంచి చీర కట్టుకునింది. తలంబ్రాల కాడ ఎందుకో ఆపినాడు, ఆయప్పకు గూడా ముచ్చటేసిందేమో. ఆ రోంచేపే నీ మొగం సరిగ్గా చూసింది. సన్నబడినావు."

బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. పొడి బూడిదేనని తేలింది. మనిషిని వదిలారు, డిస్కులు ఇవ్వలేదు. రాసిన దాంట్లో లేని వస్తువుతో వచ్చింది గనక మొత్తం ప్యాకెట్టు పెట్టుకున్నారు. బాబా కారులో దారి పొడుగునా తిట్టాడు. ఇంకోసారి ఏదైనా వస్తే పంపించేస్తానన్నాడు. ఇన్నాళ్లకు ఇవాళ ఇంటామె జాలిపడి ఫోను తిరిగిచ్చింది.

"ఇంకో కాపీ ఉందిమా. మనిషి చేత పంపిస్తా, ఎట్లైనా పంపిస్తా."

"వద్దు!" అంది. అంత గట్టిగా అమ్మ నా మీద ఎప్పుడూ అరవలేదు. గొంతు తగ్గించి మళ్లీ చెప్పింది, "వద్దు పాపా. ఇంగేమీ పంపొద్దండి. ఆకు గూడా పంపొద్దు. నాకు శానా భయమైతాంది. తలుపు కొట్టినా అదురుతాండా. చూసినా కదా నీ పెండ్లి, సాలు."

జేజి వాకిట్లోంచి వచ్చి గడప మీద నిలబడింది. నా మొహం వంకే చూస్తోంది. బాగుంది అన్నట్టు నేను చెయ్యి ఊపాను. ఆమె అక్కడే గడప మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"అంతసేపు నిలబెట్టినారామా నిన్ను? ఒక కుర్చీ గూడా ఎయ్యలేదా?" అని అడిగాను. ఇంత జరిగినా నాకు ఎందుకో అదొక్కటే పట్టుకుంది.



"కూతురి పెండ్లిలో తల్లికి కూసునే తీరిక యాడిదిమే?" అంది అమ్మ. "నిలబడే చూసినా."

లోపల బిడ్డ ఏడుస్తున్న శబ్దం వినబడింది. పిలుస్తున్నారని చెప్పి అమ్మ ఫోను పెట్టేసింది.